ఎర్రబోరింగు అనుములు

జానమ్మ మంచిదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, చెడ్డదన్నా ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్ళు ఈ ఊరి బళ్ళో పంతులుగా చేసి, రిటైరయ్యాక కూడా ఆమె ఇంటిని ఆనుకున్న ఇంట్లోనే ఉంటున్నవాణ్ని. ఆమె పొయ్యిమీద అనుములు వేగితే వాసన మొదట నా ముక్కుకే తగులుతుంది. ఆమె కథ చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికి ఉంటుంది?

మా ఊరు నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ అవతల. పత్తి, మధ్యలో నాలుగు సాళ్ళు కంది, గట్లమీద అనుము. వానొస్తే పంట, రాకపోతే లేదు. భూమిలో నీళ్ళున్నాయి గానీ అవి ఫ్లోరిన్ నీళ్ళు. జానమ్మ పుట్టింది ఇక్కడ కాదు. పాలమూరు వైపు గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టింది. ఆ ఊరి నీళ్ళు మంచివి. పదిహేనేళ్ళకు బీరన్నను కట్టుకుని మా ఊరొచ్చింది. పెళ్ళి పందిట్లో ఆమె నవ్వితే ఆడవాళ్ళంతా పళ్ళవైపే చూశారట. అంత తెల్లటి పళ్ళు మావాళ్ళకు కొత్త. మాకు పాలపళ్ళు ఊడి వచ్చేవి గోధుమరంగు చారలతోనే వస్తాయి. నావి చూస్తే తుప్పుపట్టిన రేకు గుర్తొస్తుంది.

కాపురానికొచ్చిన వారంలోనే అత్త అనుములు పోసి గుడాలు ఉడకబెట్టమంది. పొద్దున పొయ్యెక్కిన కుండ మధ్యాహ్నం దాకా మరిగింది. గింజ మెత్తబడలేదు. ఇనుప గుగ్గిళ్ళంటారే, అచ్చం అవే. ఈ నీళ్ళలో పప్పుగింజ ఉడకదని ఆ అత్తకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. తెలిసి కూడా, “కట్టెలన్ని బూడిద జేస్తివి, నీ అవ్వ నీకు గిదేనా నేర్పింది?” అని వాకిట్లో నలుగురూ చూస్తుండగా చేటతో కొట్టింది. కోడల్ని వంచడానికి ఆ ముసలిది నీళ్ళను కూడా వాడుకుంది, చచ్చి ఏ లోకాన ఉందో!

దెబ్బలు తిన్న జానమ్మ ఆ గింజల్ని పారబోయలేదు. నీడన ఆరబోసి, మర్నాడు కాలిన ఇసుకలో వేయించింది. ఉప్పు, కారం పట్టించి బీరన్న చేతిలో పోసింది. కరకరమనే చప్పుడు మా ఇంటిదాకా వినిపించేదని మా అమ్మ చెప్పేది. ఉడకనంటున్న గింజతో కొట్లాడటం మానేసి, దాని మొండితనాన్నే అమ్ముకోవడం నేర్చుకుంది జానమ్మ. రాత్రంతా బోరింగు నీళ్ళలో నానబెట్టడం, సగం ఆరబెట్టడం, ఇసుకలో తిప్పడం, జల్లెడ పట్టడం. అంతే విద్య. కల్లు మండువ దగ్గర గంప దించితే గంటలో ఖాళీ అయ్యేది. చేటతో కొట్టిన అత్తే ఆ తర్వాత గంప నెత్తికెత్తేది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా?

గంప ఇంటికి కూడు పెట్టింది గానీ నీళ్ళు తమ పని తాము చేసుకుపోయాయి. బీరన్నకు నలభై దాటేసరికి మెడ బిగుసుకుపోయింది. వెనక గొర్రె అరిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. చివరి రెండేళ్ళు మంచంలో కూడా నిటారుగా పడుకోలేక, కొడవలిలా ఒంగి, అట్లాగే పోయాడు. పాడెమీద చాపడానికి నలుగురు మగవాళ్ళు చెమటలు కక్కారు. నేనూ ఒక చెయ్యి వేశాను. జానమ్మ మోకాళ్ళు కూడా అప్పటికే వంగడం మొదలుపెట్టాయి.

ఆమెకు వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ కొడుకు పరశురాములు. ఏడో ఏట వాడి కొత్త పళ్ళు చారలతో వచ్చాయి. తల్లి పళ్ళు ముత్యాలు, కొడుకు పళ్ళు మట్టి. బూడిద పెట్టి, ఇటుకపొడి పెట్టి, చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోమింది. నా బళ్ళోనే చదివాడు వాడు. గ్రూపు ఫొటోలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు పట్నంలో ఆటో నడుపుతాడు. ఇప్పటికీ చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడతాడు. పెళ్ళిచూపులకు పోయిన ప్రతి చోటా పళ్ళ గురించి ఒక్కటే మాట చెప్పి పంపేవారు. తొమ్మిదో చోట మల్లీశ్వరి ఒప్పుకుంది.

రాష్ట్రం వచ్చిన మూడేళ్ళకు మా వాకిళ్ళలో నల్లాలు పెట్టి కృష్ణ నీళ్ళు వదిలారు. అంతకుముందే మా వీధి బోరింగుకు ఎర్రరంగు పూసి, ఈ నీరు తాగరాదని రాసి పోయారు. తాగడానికి వేరే దిక్కులేనన్నాళ్ళు ఆ ఎర్రరంగును మేం చూసీ చూడనట్టే ఉన్నాం. నల్లా వచ్చిన రోజు జానమ్మ కందిపప్పు పెడితే అరగంటలో ముద్దయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట్లో పప్పు ముద్దవడం అదే మొదలు. గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చి చూపించింది. “గీ నీళ్లు నాలుగేండ్ల ముందు రాలేదేంది సారూ, మా ఆయన గూడ తినేటోడు” అంది.

అనుముల దగ్గరే తిరకాసు వచ్చింది. నల్లా నీళ్ళలో నానిన గింజ పొట్టు వదిలేసింది. ఇసుకలో వేయగానే రెండు బద్దలై పిండి రాలింది. కల్లు మండువలో సైదులు అనేవాడు గుప్పెడు నోట్లో వేసుకుని, “ఏందే, గొడ్లకు దాణా తెచ్చినవా?” అని మిగిలినవి ఆమె గంపలోకే ఉమ్మినట్టు విసిరాడు. నెలరోజులు గంప నిండుగానే ఇంటికొచ్చింది. ఒకరోజు తెల్లారగట్ల చప్పుడైతే బయటికొచ్చి చూశాను. జానమ్మ ఎర్రబోరింగు కొడుతోంది.

“అది ఎందుకే?” అన్నాను.

“నానవెట్టనీకె సారూ. తినెటోళ్లందరు తాగువోతులు. కల్లే ఏం జెయ్యనిది, గీ నీళ్లు ఏం జేస్తయి?”

నేను నవ్వాను. ముసలి ఎముకలు ఎట్లాగూ గట్టిపడ్డవే కదా అనుకున్నాను. పక్కవాడి ఎముకల విషయంలో మనకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

అప్పటికి ఆమె మనుమరాలు యాదశ్రీ చంటిపిల్ల. ఆటో కిరాయిలు సాగక, మల్లీశ్వరి కూడా ఒక బట్టల దుకాణంలో పనికి చేరడంతో, పిల్లను అవ్వ దగ్గరే వదిలారు. ఆ పిల్లకు నీళ్ళు నల్లావి కూడా కాచి, వడగట్టి పోసేది జానమ్మ. బోరింగు బిందె తాకనిచ్చేది కాదు. అనుముల చేట దగ్గరికి రానిచ్చేది కాదు. తినడానికి ఏమైనా కావాలని ఏడిస్తే అంగడికి తోలి చిప్స్ పొట్లం కొనిపించేది. ఏడో ఏడు రాగానే పొద్దున లేస్తూనే పిల్ల పెదవి పైకెత్తి, కొత్త పళ్ళు ఏ రంగులో వస్తున్నాయో వెలుతురులో చూసేది. కాకిపిల్ల కాకికి ముద్దు. దానిని నేను తప్పుపట్టను.

రెండేళ్ళ కింద స్వర్ణ వచ్చింది. మా జిల్లాలోనే కట్టంగూర్ పిల్ల, పట్నంలో పెద్ద ఉద్యోగం చేసి మానేసి, తిండి పొట్లాల వ్యాపారం పెట్టింది. చుట్టాల పెళ్ళికి పోతూ దారిలో జానమ్మ గంప దగ్గర ఆగి, గుప్పెడు తిని, గంపంతా కొనుక్కుపోయింది. పది రోజులకు మళ్ళీ వచ్చింది. మాంసంతో సమానమైన ప్రొటీన్ ఉందట, నూనె లేదట, పట్నంలో తల్లులు పిల్లలకు చిప్స్ మాన్పించలేక చస్తున్నారట. ఏదో పరీక్షకు కూడా పంపించింది. ప్రొటీన్ ఎంతో చూశారు, ఉప్పు ఎంతో చూశారు. నీళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

పిల్లల పొట్లాలకు బేరం కుదిరిన సాయంత్రం జానమ్మను నిలదీశాను. “ఇప్పుడు తినేది తాగుబోతులు కాదు, పిల్లలు. నల్లా నీళ్ళు వాడు.”

“వాడితే పలుగుతయి. పలిగితే ఆమె కొనది.”

“అయితే ఉన్న మాట చెప్పు.”

“జెప్తే అస్సలే కొనది. పరశురాములు బండి కిస్తీ, యాదశ్రీ ఇస్కూలు, అన్ని గీ అనుములమీదనే నడుస్తున్నయి. నువ్వు జెప్తవా సారూ?”

“పిల్లలే జానమ్మా!”

“ఏ పిల్లలు? నా కండ్లకైతె కనవడ్తలేరు.”

నేను చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రెండేళ్ళు గడిపాను. స్వర్ణ బండి వచ్చినప్పుడల్లా తేలుకుట్టిన దొంగలా ఇంట్లోకి పోయేవాణ్ని.

పోయిన భాద్రపదంలో ఒక ఆదివారం స్వర్ణ కొత్త పొట్లం నమూనా తీసుకుని వచ్చింది. తెలుగు బాగుందో లేదో చూడమని నన్ను పిలిపించింది. తప్పించుకోలేకపోయాను. వెంట ఆరేళ్ళ కూతుర్ని కూడా తెచ్చింది. ఆ పిల్ల రావడం రావడం చేట ముందు కూర్చుని పిడికిళ్ళతో తినడం మొదలుపెట్టింది. ముందు పన్ను ఒకటి ఊడి ఉంది. నేను జానమ్మ వంక చూశాను. కండ్లకు కనబడని పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది, ఇప్పుడైనా నోరు తెరుస్తుందేమో అనుకున్నాను. ఆమె తల వంచి ఇసుక తిప్పుతోంది. కరకరమని చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఇంతలో లోపలినుంచి యాదశ్రీ వచ్చింది. పట్నం పిల్ల తన పిడికిలి చాపి, “తిను, మస్తున్నయ్” అంది. ఇంటికొచ్చిన పిల్ల పెడుతుంటే కాదనడానికి మొహమాటమేసిందో ఏమో, యాదశ్రీ నోరు తెరిచింది.

లేవడానికి గోడ పట్టుకోవాల్సిన జానమ్మ ఎట్లా లేచిందో నేను చూడలేదు. చెయ్యి మాత్రం చూశాను. మనుమరాలి చేతిమీద ఒక్కటి వేసింది. గింజలు వాకిలంతా చెదిరాయి.

“నోట్లె ఏస్కోకు! ఎన్నిసార్లు జెప్పిన నీకు!”

స్వర్ణ ముందు నవ్వింది. “ఏందవ్వా, మీ అనుములు మీ పిల్లే తినొద్దా?” అంది. అన్నాక నవ్వు ఆగిపోయింది. నల్లగొండ జిల్లాలో పుట్టిన మనిషి, ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆమె యాదశ్రీ నోట్లో సగం వచ్చిన తెల్లటి పళ్ళవైపు చూసింది. నా పళ్ళవైపు చూసింది. వీధిలో ఎర్రబోరింగు వైపు, దాని కింద నిండి ఉన్న బిందెవైపు చూసింది.

“ఏ నీళ్లల్ల నానవెడ్తున్నవవ్వా?”

అబద్ధం చెప్పొచ్చు. నల్లా వాకిట్లోనే ఉంది. జానమ్మ చెప్పలేదు. “బోరింగు నీళ్లల్ల బిడ్డా. నల్లా నీళ్లైతె పలుగుతయి, గీ కరకర ఉండది.”

నాకు గుండెల మీది బరువు దిగినట్టయింది. నేను చేయలేని పని ఇంకొకరు చేస్తారు, తిట్టో కొట్టో పోతుంది, ఇక ఈ బేరం ఉండదు అనుకున్నాను. జానమ్మ గోడకు చేరగిలబడి, తిట్టు కోసం ఎదురుచూస్తోంది.

స్వర్ణ గబగబా పోయి కూతురి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. దోసిలి ఆ పిల్ల నోటికింద పెట్టి, “ఉమ్మెయ్” అంది.

“ఎందుకు మమ్మీ?”

“ఉమ్మెయ్ అంటున్న గద!”

పిల్ల ఉమ్మింది. చాలలేదు. బుగ్గలోపల వేలు పెట్టి, మిగిలిన పొట్టుముక్క కూడా తీసింది. కారులోంచి నీళ్ళసీసా తెచ్చి పిల్లచేత మూడుసార్లు పుక్కిలి పట్టించింది. పిల్ల ఏడుస్తుంటే కారులో కూర్చోబెట్టి తలుపు వేసింది. రుమాలుతో చెయ్యి తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

“దసరా లోపల మూడు క్వింటాళ్లు గావాలె అవ్వా” అంది. “రుచి గిట్లనే ఉండాలె. జర గూడ మారొద్దు.”

“మారది బిడ్డా” అంది జానమ్మ.

తర్వాత స్వర్ణ నా వైపు తిరిగింది. నమూనా నా చేతిలోనే ఉంది. మీద పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ, కింద ‘మీ పిల్లలకు నిశ్చింతగా పెట్టండి’ అని పెద్ద అక్షరాలు. ఆ లైను మీద వేలుపెట్టి, “గిది మంచిగున్నదా సార్?” అని అడిగింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినవాణ్ని. నా బళ్ళో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని పిల్లవాణ్ని నేనెరగను.

“బాగుందమ్మా” అన్నాను.

కారు పోయింది. యాదశ్రీ లోపలికి పోయి ఏడుస్తోంది. జానమ్మ చెదిరిన గింజల్ని ఒక్కొక్కటే ఏరి చేటలో వేసింది. “సూశినవా సారూ, లోపటికెల్లి ఏలు వెట్టి తీశింది. తల్లంటె గట్లుండాలె” అంది. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగా మెచ్చుకుంది.

మూడు క్వింటాళ్ళంటే ఆ రాత్రికే నానబెట్టడం మొదలుకావాలి. బిందె అందుకుని నాలుగడుగులు వేసేసరికి ఆమె మోకాళ్ళు ఒప్పుకోలేదు, గడపమీదే కూలబడింది. నేను పోయి బోరింగు కొట్టి, ఏడు బిందెలు మోసి ఆమె గాబులో పోశాను.