మూత మీద రాసిన పేరు

మా అక్క నాచారంలో బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. రొమ్ములో గడ్డ తగిలితే ఉప్పల్‌లోని ఒక చిన్న నర్సింగ్ హోంలో పరీక్ష కోసం ముక్క తీశారు. అలాంటి చోట్ల ఆ ముక్కను చెడిపోకుండా ఉంచే మందు పోసిన సీసాలో వేసి ఇంటివాళ్ల చేతికే ఇచ్చేవారు. ల్యాబ్‌కు మనమే మోసుకెళ్లాలి. అదే రోజు ఇంకొకామెకు కూడా రొమ్ము గడ్డ నుంచే తీశారు. ఎలాగూ వెళ్తున్నానని నర్సు రెండు సీసాలూ నాకే ఇచ్చింది.

ల్యాబ్ టెక్నీషియన్ నడివయసు మనిషి. సీసాలు తిప్పి చూసి విసుక్కుంది.

"పేరు సీసా మీద రాయాలె అన్నా, మూత మీద గాదు. మూత ఏ సీసాకైన పడ్తది."

పత్రికలో పేర్లూ అచ్చుతప్పులూ దిద్దే ఉద్యోగం నాది. అయినా ఆ మాట పట్టించుకోలేదు.

వారం తర్వాత రిపోర్టులో అక్కకు క్యాన్సర్ అని, రెండో ఆమెకు ఏమీ లేదని వచ్చింది. రొమ్ము పూర్తిగా తీసేయాలన్నారు డాక్టరు. టెక్నీషియన్ అన్న మాట అప్పుడు అక్కకు చెప్పాను.

"మందు పోసి మూతలు వెట్టంగ నువ్వు సూసినవా తమ్మీ?"

చూడలేదు. బయట బల్ల మీద పేపరు చదువుకుంటున్నాను.

"అయితే నేను కోయించుకోను. ఇద్దరియి మళ్ల తీయుండ్రి."

ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుందన్నారు డాక్టరు. బావ కోప్పడ్డాడు.

"డాక్టరు కన్న నీకెక్కువ దెల్సా?"

"ఆయనకు దెల్వదంటలేను. ఆ సీసా ఎవరిదో ఆయనకు గూడ దెల్వదంటున్న."

రెండో ఆమె కూడా ఒప్పుకోవడంతో ఇద్దరికీ మళ్లీ తీశారు. ఈసారి అక్క ఫ్యాక్టరీలో బట్ట తాన్ల మీద నంబర్లు వేసే పెన్ను తెచ్చుకుని, ముక్క పడకముందే తన సీసా మీద పేరు తానే రాసుకుంది. రెండో ఆమెకు రాయడం రాదు. ఆమె సీసా మీద కూడా అక్కే రాసింది. కుట్లు పచ్చిగా ఉండగానే నాతో ఆటోలో ల్యాబ్‌కు వచ్చింది. త్వరగా ఇమ్మని నేను బతిమాలితే టెక్నీషియన్ ఒప్పుకోలేదు.

"ముక్క మందుల నానాలె, మైనంల గట్టివడాలె. కాయితం కన్న సన్నగ కోసి రంగెయ్యాలె. తొందర వెడితె చిరుగుతది. అప్పుడు ఏమని సదువుతరన్నా?"

"నీ పని నువ్వు జెయ్యి చెల్లే, వీని మాట ఇనకు," అంది అక్క.

రెండో రిపోర్టూ మొదటి దానిలాగే వచ్చింది. మూతలు మారలేదు. బావ కాగితం బల్ల మీద పడేశాడు.

"గీ మాత్రం దానికేనా గింత లొల్లి? అప్పుడే కోయించుకుంటే అయిపోతుండె."

"అప్పుడైతే మీరు జెప్పింది వినుడే. ఇప్పుడు నాకే ఎర్కైంది."

మర్నాడు ఉదయం మా ఎవరినీ లేపకుండా అక్క ఒక్కతే బస్సెక్కి నర్సింగ్ హోంకు వెళ్లింది. మేం చేరేసరికి ఒప్పుకోలు కాగితం మీద సంతకం కూడా పెట్టేసింది. భర్త సంతకం కావాలని నర్సు అడుగుతోంది.

"కోసేది నన్ను గదా," అని అక్క కాగితం ఆమె చేతిలో పెట్టింది.