గడ్డిబొమ్మకు డబుల్ బ్యారెల్

ఎలక్షన్లని మా పెద్దనాయన లైసెన్సు తుపాకిని పోలీస్ స్టేషన్ల జమ చేసి వచ్చిండు. ఆ సంగతి దుప్పులకు ఎవలు చెప్పిన్రో గాని, అప్పటి సంది అడవిల నుంచి సీదా మా పెసర చేన్లకే వస్తున్నయి. అందుకని ఇయ్యాల పొద్దుగాల నన్ను ఎంటబెట్టుకొని జూలూరుపాడు పైపుల దుకాణానికి పోయిండు. చేన్ల గడ్డిబొమ్మ భుజానికి తుపాకి లెక్క పైపు కడ్తడంట.

సింగిల్ బ్యారెలా, డబులా అని చానాసేపు ఆలోచించిండు. సింగిల్ అయితే దుప్పులు లెక్కచెయ్యవని రెండు పైపులు తీసుకున్నడు. దుకాణం కరీం భాయ్ నవ్వు ఆపుకుంట అడిగిండు.

"లోపల పెద్ద గుండు పెడ్తవా పెద్దయ్యా, సన్న ఛర్రా పెడ్తవా?"

"దుప్పికి గుండే. ఛర్రా పిట్టలకు" అన్నడు మా పెద్దనాయన, అస్సలు నవ్వకుండ.

పైపులకు నల్ల రంగేసి, బొమ్మకు నా పాత చొక్కా తొడిగి నిలబెట్టినం. సాయంత్రం బాట మీద పోతున్న ఫారెస్టు గార్డు దాన్ని చూసి, సైకిల్ కింద పడేసి, రెండు చేతులు పైకెత్తిండు. "అన్నా, నేను ఉత్త గార్డునే అన్నా" అని గడ్డిబొమ్మను బతిమాలుతున్నడు. మేం ఉరికిపోయి చెప్పేదాక చేతులు దించలే. అదే బొమ్మ ఎనక మూడు దుప్పులు నిమ్మలంగ పెసర మేస్తున్నయి.

మా పెద్దనాయన గార్డును చూడలే, దుప్పులనే చూసిండు.

"గుండు పనిచేస్తలేదురా. రేపు ఛర్రా పెట్టి చూద్దాం."

మీరే చెప్పున్రి, ఖాళీ పైపుల నుంచి గుండు తీసుడెట్ల?