రెండో భాగం కోసం మింగిన మాత్రలు

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా గుణదలలో మా సందు చివరి లైబ్రరీలో, కిర్రుమనే కుర్చీలో కూర్చుని సొంతంగా చదువుకున్నదే. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. అందుకే కడుపుతో ఉన్నప్పుడు, అయిదో నెలలో, నర్సమ్మగారు నా రక్తం ఎనిమిదిన్నర గ్రాములే ఉందని ఎర్రటి ఐరన్ మాత్రల అట్టలు చేతిలో పెడితే లోపల్లోపల నవ్వుకున్నాను.

"రోజుకొకటి. మానొద్దమ్మాయ్. నెల తర్వాత మళ్లీ చూస్తా. పది దాటలేదంటే పెద్దాసుపత్రికి రాసేస్తా. ఇంత తక్కువ రక్తంతో కాన్పంటే మాటలు కాదు," అన్నారావిడ.

రెండు రోజులు పొద్దున్నే కాఫీతో వేసుకున్నాను. నోట్లో తుప్పు రుచి, కడుపులో ఒకటే తిప్పడం. మూడో రోజు లైబ్రరీలో ఆహారం గురించిన పుస్తకం తీశాను. గోంగూర, రాగులు, మునగాకు, బెల్లం. ఇనుమంతా మా వంటింట్లోనే ఉంది! ఇక మాత్రలెందుకని తీర్మానించి పుస్తకం మూసేశాను. తర్వాతి పేజీ తిప్పలేదు.

మాత్రలు మాత్రం వృథా పోనివ్వలేదు. కొత్త అట్ట ఒకటి తీసి, చదువుతున్న నవలలో గుర్తుగా పెట్టుకున్నాను.

ఆ నవల మొదటి భాగం ఎక్కడ ఆగిందో చెబితే మీకూ ఒళ్లు మండుతుంది. కథానాయిక ఏరు దాటడానికి పడవెక్కింది. ఒడ్డు మీంచి ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు. అంతే, అయిపోయింది! ఉన్నపళంగా లైబ్రరీకి వెళ్లి రెండో భాగం ఇవ్వమన్నాను.

లైబ్రేరియన్ మేడమ్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నేనిచ్చిన పుస్తకం అలవాటుగా దులిపారు. మాత్రల అట్ట టప్పున బల్ల మీద పడింది.

"ఇదేంటే?"

"గుర్తుకి పెట్టానండీ."

"పదికి పదీ ఉన్నాయి. నిన్ను మింగమంటే పుస్తకానికి మేపుతున్నావా?" రెండో భాగం సొరుగులో పడేసి తాళం వేశారు. "ఖాళీ అట్ట తీసుకురా, ఇస్తా."

పడవలో ఆవిడ అలా నిలబడే ఉంది. నేనెలా ఆగను? ఇంటికెళ్లి పది మాత్రలూ చిటుక్కు చిటుక్కుమని ఊడదీసి, అత్తయ్యగారి కనకాంబరం కుండీలో పాతేశాను. మర్నాడు లైబ్రరీ తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను, ఖాళీ అట్టతో.

మేడమ్ అట్ట వంక చూశారు. నా వంక చూశారు.

"నిన్న పదీ ఉన్నాయి."

"అవునండీ."

"ఇవాళ ఒక్కటీ లేదు."

అప్పటిగ్గానీ నాకు లెక్క తట్టలేదు.

"పదీ ఒక్కరోజే మింగావా? ఓరి దేవుడో!" స్కూటీ తాళాల కోసం సంచి మొత్తం బల్ల మీద బోర్లించారు. "నడు, నడు ఆసుపత్రికి!"

పేపరు చదువుకుంటున్న పెద్దాయన, "ఆటో పిలవమంటారా అండీ?" అంటూ లేచారు.

"మింగలేదండీ బాబూ! కనకాంబరాలకి వేశాను!"

పెద్దాయన పేపరు వెనక్కి వెళ్లి ముసిముసిగా నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. కుర్చీలో కూలబడ్డారు.

"కాన్పులో రక్తం చాలకపోతే ఏమవుతుందో నేను చూశానే," అన్నారు మెల్లగా. గోంగూర, రాగులు చాలని ఇక్కడి పుస్తకంలో చదివే మాత్రలు మానేశానని ఒప్పేసుకున్నాను.

ఆవిడ లేచి, ఆ ఆహారం పుస్తకం తెచ్చి, నేను తిప్పని పేజీ తిప్పి నా ముందు పెట్టారు. కడుపుతో ఉన్నవాళ్లకి తిండి ఒక్కటే చాలదట, మాత్ర కూడా కావాలట. కాఫీ, టీలతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదట. నిమ్మకాయ నీళ్లయితే మేలట. నా లైబ్రరీ పాండిత్యం అంతా ఆ ఒక్క పేజీ దగ్గర బోల్తాపడింది.

"రేపట్నుంచి అన్నం తినేసి ఇక్కడికి రా. నా కళ్లముందు మాత్ర వేసుకో. ఒక్క అధ్యాయం చదువుకుని పో. పుస్తకం ఇంటికివ్వను."

అలాగే వెళ్లాను. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గింది. నిమ్మకాయ నీళ్ల సీసా మేడమే తెచ్చేవారు. అధ్యాయం సగంలో ఉండగా పేపరు పెద్దాయన, "ఇవాళ మందు పడిందా అమ్మా?" అని గుర్తుచేసేవారు.

నెల తిరిగింది. నర్సమ్మగారు రక్తం చూసి, "పది దాటిందే! ఏం వాడావమ్మాయ్?" అన్నారు.

"రోజుకో అధ్యాయమండీ, భోజనం అయ్యాక."

ఆవిడకేం అర్థం కాలేదు. "ఏదో ఒకటి. కాన్పయ్యాక కూడా మానకు," అని కొత్త అట్టలిచ్చారు.

ఆ కబురు మోసుకుని లైబ్రరీకి వెళ్లి, రెండో భాగం ఆఖరి అధ్యాయం పూర్తిచేశాను. కథానాయిక అవతలి ఒడ్డుకు చేరి ఒక తలుపు తట్టింది. తలుపు తెరిచిందెవరో మాత్రం రాయలేదు! లబోదిబోమన్నాను.

"మూడో భాగం కూడా ఉందని నీకు చెప్పలేదు కదూ?" అంటూ మేడమ్ సొరుగు లాగి చూపించారు. మళ్లీ తాళం వేసి, నిమ్మకాయ నీళ్ల సీసా నా ముందుకు జరిపారు.