గోతిలో ఎర్రలు

పైనున్న తడి గోనె తీయగానే సన్యాసమ్మకు తెలిసిపోయింది. ఎరువు గోతిలోంచి మట్టివాసన రాలేదు. ఆవపిండి ఘాటు వచ్చింది.

చెయ్యి పెట్టి కెలికింది. నూనె, మెంతిగింజలు, మామిడి టెంకలు. వాటి మధ్య, చెత్తను ఎరువు చేసే ఎర్రలు, ఆ వానపాములు, పాలిపోయి, దారపుముక్కల్లా పడి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

హిందీ మాట్లాడే ఊళ్లో, మాంగో పేటలో, తెలుగువాళ్లుండే ఆ సందు చివరి జాగా ఆమెది కాదు. మొగుడు పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఇల్లిల్లూ తిరిగి తడిచెత్త వేరు చేయమని ఆడవాళ్లను బతిమాలింది. ఆ గొయ్యి ఆమె తవ్వించిందే. వానల్లోపు ఎరువు చూపించకపోతే దాన్ని పూడ్చి స్కూటర్లు పెట్టుకుంటామని సందు పెద్ద సూర్యప్రకాష్ చెప్పేశాడు. గొయ్యి పోతే పొద్దున్నే బకెట్‌తో వచ్చి ఆమెను కేకేసేవాళ్లే ఉండరు.

పక్కింటి కస్తూరమ్మ బకెట్‌తో వచ్చింది.

"ఊరగాయ ఎవులేసినారే?" అడిగింది సన్యాసమ్మ.

"ఎవులేటి వదినా, అందరం ఏసినాం! కొత్తావకాయ కలిపినాం, పాత జాడీలు కడగాల గదా. తినే సరుకు నాలాలో పారెయ్యొద్దని నువ్వే గదా అన్నావు? మా పిల్ల యోగిత 'ఫేంక్ దో', పారెయ్ అంటే తిట్టి మరీ ఇక్కడికి తెచ్చినాను."

కస్తూరమ్మ మొహం వెలిగిపోతోంది.

ఎముకలు వద్దంది, ప్లాస్టిక్ వద్దంది సన్యాసమ్మ. ఊరగాయ వద్దనలేదు. జనం దాన్ని పారేస్తారని ఆమెకు తోచలేదు. ఆమె ఇంట్లో అదెప్పుడూ మిగల్లేదు.

స్కూటర్ ఆగింది. "ఏటి పిన్నీ, గోతిలో ఆవకాయన్నం కలుపుతున్నావా? ఘాటు సందు మొదలుకే తగుల్తంది." సూర్యప్రకాష్ నవ్వాడు. "ఖాద్, అదే ఎరువు, అయిందా? మబ్బులొచ్చేసినాయి."

"అవుతాది బాబూ."

అతను ఆకాశం వంక చూసి వెళ్లిపోయాడు.

కస్తూరమ్మ బకెట్ చాచింది. అడుగున ఎర్రటి నూనె. "మా అత్తోరి జాడీది. మిగిలిందంతా తెచ్చినాను."

ఎర్రలు చచ్చాయని చెబితే సాయంత్రానికి సందంతా ఒకరినొకరు తిట్టుకుంటుంది. మళ్లీ ఎవరూ బకెట్ తేరు.

"మంచి పని చేసినావు," అంది సన్యాసమ్మ. "రేపు తొక్కలే తే. ఊరగాయ ఇక సాలు."

కస్తూరమ్మ వెళ్లాక సన్యాసమ్మ ఆ బకెట్ గోతిలో పోయకుండా పక్కన పెట్టింది. కడుగుదామని నీళ్లు పోస్తే, ఎర్రల్ని చంపిన ఊరగాయ ఉప్పు ఇంకా లోపలికి దిగుతుంది. నేల మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దించి, అడుగు మట్టిలో మెల్లగా వేళ్లు కదిపింది. కదిలేది ఒక్కటి తగిలితే చాలు.

తగల్లేదు. చెయ్యి పైకి తీయలేదు.