తీసెయ్ మాస్టారు

మా మాస్టారికి ఒక్కటే జబ్బు. ఏది కంటపడ్డా అందులోంచి ఒకటి తీసేయాలి. గోడమీది నోటీసైనా, పెళ్ళి కార్డైనా, ఎదుటివాడు చెప్పుకొస్తున్న సొంత కష్టమైనా సరే, ఓ క్షణం తేరిపార చూసి "ఇందులో ఒకటి తీసెయ్" అంటారు. ఏది తీయాలో చెప్పరు. మనమే తలబద్దలు కొట్టుకుని ఒకటి తీసి చూపిస్తే, మళ్ళీ చూసి "ఇంకోటి" అంటారు. అందరూ ఆయన్ని తీసెయ్ మాస్టారనే పిలిచేవారు. ఆయనకి ఆ పిలుపు కూడా పొడుగే. "మాస్టారు చాలుగా, తీసెయ్ ఎందుకు?" అనేవారు.

ప్రింటింగ్ ప్రెస్సు మేడమీద రెండు గదుల్లో ఆయన గ్రాఫిక్ డిజైన్ నేర్పేవారు. వారానికి మూడు సాయంత్రాలు, ఆరు నెలల కోర్సు. డాక్టరు మెడలో స్టెతస్కోపులాగా ఆయన మెడలో నల్లతాడుకి ఒక కత్తెర వేలాడేది. కత్తిరించిన ముక్క ఏదైనా చొక్కా జేబులోకి వెళ్ళిపోయేది. ఆ జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. గదిలో ఒక ఇనప బీరువా ఉండేది కానీ దాని తాళం మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు.

నేనక్కడికి సరదాకి పోలేదు. పదకొండేళ్ళు ఆసుపత్రిలో ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చున్నదాన్ని. "ఎక్స్-రే ఎక్కడమ్మా?" "ఎడమవైపు తిరగండి, చివరి గది." ఈ ముక్క రోజుకి రెండొందలసార్లు చెప్పేదాన్ని. నిద్రలో పలవరిస్తున్నానని మా ఆయన గోల పెట్టేవాడు. అలాంటిది ఒకరోజు సూపరింటెండెంటు డాక్టరుగారు పిలిచి, కౌంటర్ ఎత్తేసి దాని బదులు బోర్డులు పెడుతున్నామని చల్లగా చెప్పారు.

"మరి నా సంగతేంటండీ?"

"బోర్డులు తయారుచేసి చూసుకునే పని ఒకటుంటుందమ్మా. నేర్చుకుంటానంటే నీకే ఇద్దాం. ఆరు నెలల్లో ఒక్క నమూనా బోర్డు చేసి కమిటీ చేత సరే అనిపించు. లేదంటే నా చేతుల్లో ఏం లేదు."

అదీ సంగతి. బోర్డు నిలబడితే నేను నిలబడతాను, లేకపోతే ఇంటికే.

మొదటి క్లాసుకే ఒక బోర్డు చేసుకుని వెళ్ళాను. చుట్టూ పువ్వుల అంచు, పైన ఆసుపత్రి ముద్ర, దాని పక్కన నవ్వుతున్న సూపరింటెండెంటుగారి ఫోటో, "గౌరవనీయులైన రోగులకు, వారి బంధుమిత్రులకు సవినయ మనవి" అని ఎర్ర అక్షరాలు. మూడు రోజులు కూర్చుని చేశాను. నాకైతే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

"ఇది దేనికమ్మా?" అన్నారు మాస్టారు.

"ఎక్స్-రేకి దారండి."

"ఎక్స్-రే ఎక్కడుంది?"

"అదిగోండి, కింద."

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, నడుం వంచి, పెదాలు కదుపుతూ చదివారు. తర్వాత నడుం పట్టుకుని లేచారు. "ఒకటి తీసెయ్."

"అన్నీ కావాల్సినవేనండి!"

"అన్నీ అరిస్తే ఎవరి మాట వినబడుతుందమ్మా? నీ కౌంటర్ దగ్గర చూడలేదూ?"

చూశాను. ఆయన కత్తెర తీసి నా పువ్వొకటి చటుక్కున కోసి జేబులో వేసుకున్నారు. నా వేలు కోసినట్టే అనిపించింది.

క్లాసులో నాతోపాటు బస్సు డ్రైవరుగా రిటైరైన ఒక పెద్దాయన, బేకరీ నడిపే ఒక అన్నయ్య ఉండేవారు. ఒకరోజు మాస్టారు తలా ఐదు నల్ల కాగితపు ముక్కలిచ్చారు. అన్నీ ఒకే సైజు చతురస్రాలు. వాటిని తెల్ల కాగితం మీద పేర్చి 'తొందర' చూపించమన్నారు. బొమ్మ గీయకూడదు, అక్షరం రాయకూడదు. డ్రైవరుగారు నాలుగు ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి కుడి అంచుకి తోసి, ఐదోదాన్ని ఎడమవైపు చివర ఒంటరిగా పెట్టారు.

"ఏంటిది?"

"బస్సు పోతోందండి. వెనకాల ఒకడు పరిగెడుతున్నాడు. అందదు."

మాస్టారు బస్సులోంచి ఒక ముక్క తీసేశారు. "ఇప్పుడు?"

"అందదండి."

ఇంకోటి తీశారు. "ఇప్పుడు?"

"చిన్న బస్సు. అయినా అందదండి."

మరోటి తీశారు. అటొకటి, ఇటొకటి మిగిలాయి.

"బస్సొకటి, మనిషొకడు. అందదు గాక అందదండి!" డ్రైవరుగారికి ఉత్సాహం వచ్చేసింది. మాస్టారు బస్సును కూడా తీసి జేబులో వేసుకున్నారు. పెద్దాయన చాలాసేపు కాగితం కేసి చూశారు.

"వెళ్ళిపోయిందండి," అన్నారు చివరికి. "పాపం, వాడొక్కడే నిలబడ్డాడు."

తెల్ల కాగితం మీద ఒక మూల ఒక నల్ల ముక్క, నిజంగానే బస్సు తప్పినవాడిలాగే ఉంది. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే. తెలిస్తే మాత్రం, నా పువ్వు పోయిన కోపం ఎక్కడికి పోతుంది?

బేకరీ అన్నయ్య కష్టం వేరు. "తాజా కేకులు" అన్న రెండు మాటలు ఆయన ఐదు రకాల అక్షరాల్లో రాశాడు. పైగా ఒకదానికంటే ఒకటి ఆవగింజంత పెద్దది.

"ఎందుకిలా?" అడిగారు మాస్టారు.

"తేడా ఉండాలని మీరే అన్నారుగా మాస్టారూ!"

"తేడా ఉంటే తేడాగా కనబడాలి నాయనా. ఇది చూస్తే నీ చెయ్యి వణికిందేమోనని అనుమానం వస్తోంది. ఒకటి పెద్దది చెయ్యి, మిగతావి చిన్నవి చెయ్యి. ఆ 'తాజా' తీసెయ్."

"అయ్యో, తాజా తీసేస్తే ఎలాగండీ?"

"రాస్తేనే అనుమానం. నిన్నటివి కూడా ఉన్నాయేమో అనుకుంటారు."

అన్నయ్య నా వైపు వంగి "ఉన్నాయి" అని గొణిగాడు.

ఒక ఆదివారం ఏదో కాగితం ఇవ్వడానికి మాస్టారి ఇంటికి వెళ్ళాను. గోడమీద క్యాలెండరులో అంకెలు తప్ప ఏమీ లేవు. పైనున్న బొమ్మా, కిందున్న ప్రకటనా నీట్‌గా కోసేసి ఉన్నాయి. వాళ్ళావిడ టీ ఇచ్చి, నా అవస్థ విని, తన గోడు వెళ్ళబోసుకుంది.

"నీదేముందిలే అమ్మా, పువ్వులు. మా పెళ్ళి ఫోటోలోంచి మా ఆడపడుచునే కోసేశారు."

"అదేంటక్కయ్యా!"

"ఆవిడ అంచున నిలబడిందట, కూర్పు కుదర్లేదట. సొంత చెల్లెలమ్మా! ఇరవై రెండేళ్ళయింది, ఆవిడ మా గుమ్మం తొక్కి. ఈ ఇంట్లో తీసేయడానికి ఇంక మిగిలింది నేనొక్కదాన్నే."

లోపలి గదిలోంచి మాస్టారి దగ్గు వినిపించింది.

నెలలు గడిచాయి. నా బోర్డు మీద పువ్వులు రాలాయి, అంచు పోయింది, ముద్ర పోయింది. మూడో వారంలోనే సూపరింటెండెంటుగారు వెళ్ళిపోయారు. "దయచేసి" అన్న మాట తీసెయ్యమన్న రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

"మర్యాద కూడా అక్కర్లేదా మాస్టారూ? అది లేకుండా పదకొండేళ్ళలో నేనెవరితోనూ మాట్లాడలేదు."

"చెయ్యి విరిగినవాడికి దారి తొందరగా చెప్పడమే మర్యాదమ్మా."

కత్తెర చటుక్కుమంది. ఈ మనిషి నోటివెంట ఐదు నెలల్లో 'బాగుంది' అన్న మాట ఒక్కసారి రాలేదు. దాన్ని కూడా ఎప్పుడో కోసేసి జేబులో వేసుకున్నారని నేనూ, బేకరీ అన్నయ్యా అనుకునేవాళ్ళం.

ఆఖరికి మిగిలింది ఇంతే. తెల్లటి పలక, నల్లటి పెద్ద అక్షరాల్లో 'ఎక్స్-రే', పక్కన ఎడమవైపు చూపించే లావుపాటి బాణం. మాస్టారు దాన్ని చూశారు. కత్తెర పట్టుకున్నారు, వదిలేశారు. "సరే, పద" అన్నారు.

కమిటీ ముందుకి ఆయనా వచ్చారు. సూపరింటెండెంటుగారు, హెడ్ నర్సమ్మ, భవనాల ఇంజనీరు బల్లకి అటువైపు కూర్చున్నారు. నా బోర్డు పెట్టడానికి చోటు లేక గుమ్మం పక్కన కుర్చీలో నిలబెట్టాను.

ఇంజనీరు పెదవి విరిచాడు. "ఇందులో ఏముందమ్మా? కాస్త రంగైనా లేదు. దీన్ని ఎవరు చూస్తారు?"

అంతలో చెయ్యి మెడకి కట్టుకున్న ఒకాయన నడవాలో వస్తూ గుమ్మం దగ్గర ఆగాడు. బోర్డు కేసి చూశాడు, ఎవర్నీ ఏమీ అడక్కుండా గిర్రున ఎడమవైపు తిరిగి వెళ్ళిపోయాడు. అటువైపు ఉన్నది దుప్పట్లు దాచే గది. హెడ్ నర్సమ్మ "అయ్యయ్యో" అంటూ పరిగెత్తి, ఆయన్ని దుప్పట్ల మధ్యలోంచి లాక్కొచ్చింది. అప్పటికే ఒంటిచేత్తో చొక్కా గుండీలు విప్పేస్తున్నాడట.

"ఎక్స్-రే అని రాసుందిగా! ఫోటో ఎవరు తీస్తారండీ?" అన్నాడాయన విసుగ్గా.

సూపరింటెండెంటుగారు దగ్గుకుంటూ నవ్వారు. ఇంజనీరు మాత్రం పట్టు వదల్లేదు. "బోర్డు సరేనండి, ఒప్పుకున్నాను. కానీ దీనికోసం ఒక మనిషిని పెట్టుకోవాలా? ఒక మాట, ఒక బాణం. మా పాప గీసిపెడుతుంది."

బోర్డు నిలబడింది, నేను పోయాను. అతగాడు అన్నదాంట్లో తప్పేముంది? ఆ పలక కేసి చూస్తే నాకే ఐదు నెలల పని ఎక్కడా కనబడలేదు.

మాస్టారు లేచారు. సంచీలోంచి ఒక లావుపాటి గోధుమరంగు కవరు తీసి బల్లమీద గుమ్మరించారు. పువ్వులు, అంచు ముక్కలు, ముద్రలు, ఎర్ర అక్షరాలు, సన్న బాణాలు, వంకర బాణాలు, "దయచేసి", "సవినయ మనవి". ఐదు నెలల్లో నా దగ్గర కోసిన ప్రతి ముక్కా ఉంది. కవరు మీద 'ఎక్స్-రే అమ్మాయి' అని రాసి ఉంది.

"మీ పాప బాణం గీస్తుందండి," అన్నారు మాస్టారు ఇంజనీరుతో. "ఇవన్నీ గీసి, ఇవన్నీ తీసేస్తుందా?"

ఆయన ఒకరి తరఫున మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సూపరింటెండెంటుగారు ఆ కుప్పలోంచి ఒక ముక్క ఏరారు.

"ఇది నేనేనా?"

"మీరేనండి," అన్నాను, చేసేదేమీ లేక. "మూడో వారంలో తీసేశామండి."

ఆయన ఫోటో వెనక్కి తిప్పారు. చీమల్లాంటి అక్షరాలతో ఏదో రాసి ఉంది. పైకి చదివారు: "అమ్మాయి కత్తిరింపు శుభ్రంగా ఉంది. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. ఇక్కడ అక్కర్లేదు."

హెడ్ నర్సమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గబగబా ఒక పువ్వు తీసి తిప్పాను. "ఎనిమిది రేకులూ చేత్తో గీసింది, ఒక్కటీ వంకర పోలేదు. ఇక్కడ అక్కర్లేదు." 'దయచేసి' తిప్పాను. "మనసు మెత్తన. నన్ను ఎదిరించింది, బాగుంది. ఇక్కడ అక్కర్లేదు." ప్రతి ముక్క వెనకా తేదీ, దాని పక్కన ఒక మెచ్చుకోలు. అరవై మూడు ముక్కలు, అరవై మూడు మెచ్చుకోళ్ళు. ఇన్నాళ్ళూ ఈ మనిషినా నేను మనసులో తిట్టుకున్నది అని సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది కానీ ఇంజనీరు ముందు ఏడవదలుచుకోలేదు.

సూపరింటెండెంటుగారు తన ఫోటో తన జేబులో వేసుకున్నారు. "ఈ ఆసుపత్రిలో నన్ను తీసేసే ధైర్యం ఇంకెవరికుందయ్యా? పని ఈవిడదే," అన్నారు.

బయటికొచ్చాక మెట్లమీద మాస్టారిని నిలదీశాను. "బాగుందని ఒక్కసారి నోటితో అంటే మీ సొమ్మేం పోయేది?"

"అంటే తీసేయడానికి నీకు చెయ్యి వచ్చేదా?" అన్నారాయన, మెట్లు దిగుతూనే.

కోర్సు ఆఖరిరోజు బీరువా తెరిచారు. నిండా కవర్లే, ప్రతి విద్యార్థికీ ఒకటి. డ్రైవరుగారి కవర్లోంచి నాలుగు నల్ల ముక్కలొచ్చాయి, వెనకాల "బస్సు" అని రాసుంది. సర్దడానికొచ్చిన మాస్టారింటి అక్కయ్యకి అడుగున ఒక పాత కవరు దొరికింది. అందులో ఆడపడుచు! వెనకాల, "చెల్లాయి నవ్వు బాగుంది. ఫోటోలో చోటు లేదు." అక్కయ్య దాన్ని ఆవిడకి పంపించింది. ఆవిడ ఆ వారమే వచ్చింది. ఇప్పుడు వచ్చిందంటే నాలుగేసి రోజులు కదలడం లేదని, తీసేయడం ఎవరివల్లా కావడం లేదని అక్కయ్య కొత్త గోడు.

నేను రాసిన ఈ నాలుగు ముక్కలూ నిన్న మాస్టారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివారు. చివర్లో ఆయన్ని మెచ్చుకుంటూ నేనొక పేరా రాశాను, చాలా బాగా కుదిరింది కూడా. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత కత్తెర చటుక్కుమంది. వెనక్కి తిప్పి నాకు కనబడకుండా ఏదో రాసుకుని, జేబులో వేసుకున్నారు.