మీకే సార్ నా ఓటు

అమెరికాలో ఒక పార్టీకి గాడిద గుర్తని నేను చెప్తే మా క్యాంపులో ఎవరూ నమ్మలేదు. రెండో పార్టీది ఏనుగంటే సరే, అది ఏ దేశంలోనైనా ఏనుగే. గాడిదను చూపించి ఓట్లడిగేవాడు ఎక్కడైనా ఉంటాడా అని భోజనాల దగ్గర అందరూ నా మీద పడ్డారు. మా పెద్ద ముదీర్ నోటి నుంచి నేను స్వయంగా విన్న మాట అది. ముదీర్ అంటే మేనేజరు. నా మాట మీద నమ్మకం కుదరక మా బావ మర్నాడు వర్క్‌షాపు చూసే అమెరికా దొరనే అడిగేశాడు. "సాబ్, తుమ్హారా పార్టీ గధా?" అన్నాడట. ఆ దొర కడుపుబ్బ నవ్వి, అవును, గాడిదే అన్నాడట. ఆ వారమంతా క్యాంపులో అదే ముచ్చట.

ఇది ఎనభైలో సంగతి. రాస్ అల్ ఖైమా కొండల దగ్గర ఒక క్వారీలో పనిచేసేవాళ్లం. కొండను పేల్చడం, బండల్ని క్రషర్‌లో వేసి కంకర చేయడం, లారీల్లో రేవుకు పంపడం. ఇంటర్ తప్పి వచ్చినవాణ్ని, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి క్రషర్ దగ్గర నిలబెట్టి ఏ లారీ ఎన్నిసార్లు వెళ్లిందో రాయమన్నారు. ఊళ్లో మాత్రం నేను కుర్చీలో కూర్చుని రాసే ఉద్యోగం చేస్తున్నానని చెప్పుకునేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెల్లటి రాతిదుమ్ములో నిలబడే ఉద్యోగం అది. రెండో ఏడాదికి దగ్గు పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. దగ్గేవాణ్ని కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, తిరుగు విమానం ఎక్కించేస్తాడని అందరం వినేవున్నాం. ఎలాగైనా ఆ దుమ్ములోంచి బయటపడాలి. అప్పట్లో నాకున్న ఆలోచన అదొక్కటే.

తెలుగువాళ్లం ఇరవై నాలుగు మందిమి. రెండు రేకుల షెడ్లలో ఉండేవాళ్లం. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లే ఎక్కువ. కడప, నెల్లూరు వాళ్లు కొందరు. బావంటే మా మేనత్త కొడుకు. ఒకే ఏజెంటు దగ్గర ఒకే రోజు వీసా తీసుకుని వచ్చాం. షెడ్డులో నాది కింది మంచం, వాడిది పైమంచం. మా అందరికీ ఉన్న ఉమ్మడి బాధ నీళ్లు. పక్క బావి నుంచి ట్యాంకరు తెచ్చే ఆ నీళ్లు ఉప్పగా ఉండేవి. సబ్బు నురగ వచ్చేది కాదు, చాయ్‌లో పోసిన పాలు విరిగేవి.

ఆ క్వారీలో అమెరికా వాళ్లు ఇద్దరే, పెద్ద ముదీర్, వర్క్‌షాప్ దొర. ఇద్దరూ ఒకే జీపులో వచ్చేవారు, ఒకే బల్ల దగ్గర తినేవారు. ఆ ఏడు వాళ్ల దేశంలో ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. ముదీర్‌ది ఏనుగు, దొరది గాడిద. ఇద్దరూ తమ ఓట్లను కవర్లలో పెట్టి పోస్టు చేశారు. ఓటును పోస్టులో పంపడమేమిటని మావాళ్లు నోళ్లు తెరిచారు. అదే ఏడు జనవరిలో మన దేశంలోనూ ఎన్నికలు జరిగాయి. మా ఓట్లు ఊళ్లో ఎవరు వేసేసి ఉంటారో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒకరోజు ముదీర్ క్రషర్ దగ్గర జీపు ఆపి, "నీకు ఓటుంటే ఎవరికి వేస్తావు?" అని అడిగాడు. "మీకే సార్ నా ఓటు" అన్నాను. మా వైపు ఓటడగడానికి ఎవరు వచ్చినా ఇచ్చే జవాబు అదే. వాకిట్లోకి వచ్చి చేతులు జోడించినవాడి మొహం మీద కాదని ఎలా అంటాం? ముదీర్ సంతోషించి ఒక సిగరెట్టు ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత వర్క్‌షాప్ దొర కూడా అదే అడిగాడు. "మీకే సార్" అన్నాను. ఆయన చల్లటి జ్యూసు డబ్బా ఇచ్చాడు. ఆ సాయంత్రం మెస్సులో ఇద్దరు దొరల్నీ అనుకరించి చూపిస్తే అందరికీ నవ్వి నవ్వి పొలమారింది. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

నవ్వనివాడు ఒక్కడే, కడప భాయ్. షావల్ నడిపేవాడు. బండల్ని ఎత్తి లారీల్లో పోసే బండి అది. మనిషి దురుసు, ఇంగ్లీషు అసలు రాదు. ముదీర్ ఆయన్నీ అదే ప్రశ్న అడిగాడట. "పహలే మీఠా పానీ దో సాబ్, ఓట్ కీ బాత్ బాద్ మే" అన్నాడట, ముందు మంచినీళ్లివ్వు, ఓటు మాట తర్వాత అని. ముదీర్ మొహం ఎర్రబడిందని చూసినవాళ్లు చెప్పారు. వర్క్‌షాప్ దొర అడిగినా అదే జవాబట. పెద్దమనిషి సరదాగా అడిగితే ఇదేం మర్యాద అని నేనే అందరి ముందూ ఆయన్ని వెక్కిరించాను.

నవంబరులో ఏనుగు గెలిచింది. ముదీర్ రేడియోలో విని, జీపు హారన్ మోగిస్తూ క్వారీ అంతా తిరిగాడు. వర్క్‌షాప్ దొర గది తలుపేసుకున్నాడు. సాయంత్రానికి ఇద్దరికీ ఏదో మాట పెరిగింది. మర్నాటి నుంచి రెండు జీపులు, రెండు బల్లలు. క్వారీ లారీ చెడిపోతే వర్క్‌షాపులో వారం పడుండేది. దానికి బదులుగా ముదీర్ వర్క్‌షాపు వాళ్ల ఓవర్‌టైమ్ ఆపేశాడు.

అంతవరకూ అది వాళ్ల గొడవ. తర్వాత మాకు అంటుకుంది. వర్క్‌షాపులో పనిచేసేవాళ్లు గాడిదలు, క్వారీలో పనిచేసేవాళ్లు ఏనుగులు అయిపోయారు. ఆ దేశం ఎటువైపుందో మాలో సగం మందికి తెలియదు. అయినా మెస్సులో వేరువేరుగా కూర్చున్నాం. ముదీర్ మావాడు కాబట్టి నీళ్లు ముందు మేమే పట్టుకోవాలన్నారు క్వారీ వాళ్లు. ట్యాంకరు దగ్గర కొట్టుకుని రెండు బకెట్లు పగలగొట్టుకున్నారు. ఆ ఉప్పునీళ్ల కోసం! చివరికి షెడ్లే విడిపోయాయి. వర్క్‌షాపులో హెల్పరు కాబట్టి బావ తన పెట్టె, దుప్పటి తీసుకుని రెండో షెడ్డుకు పోయాడు. "దొర సూస్తే బాగుండదురా, ఏమనుకోకు" అన్నాడు. నాకు చాలా కష్టమనిపించింది. బయటికి మాత్రం పోతే పోయావులే అన్నాను.

రోజూ రెండు గుంపులు ఆఫీసు మీదికి రావడంతో ముదీర్‌కు విసుగొచ్చింది. "ఒక్క మనిషిని ఎన్నుకోండి. రహస్య ఓటు. అతను ఆఫీసులో కూర్చుంటాడు. క్యాంపు సంగతులు అతను చెప్తేనే వింటాను" అన్నాడు. నాకు వినపడింది ఆఫీసులో కూర్చుంటాడన్న మాట ఒక్కటే. మూసిన కిటికీలు, ఏసీ, దుమ్ము లేదు. నేను నిలబడ్డాను. నాకు పోటీగా నలుగురు కలిసి కడప భాయ్‌ని నిలబెట్టారు. ఇంగ్లీషు ముక్క రానివాడు ముదీర్‌తో ఏం మాట్లాడతాడని నాకు నవ్వొచ్చింది.

ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగాను. ఇరవై రెండు మందీ ఒకే మాట, "నీకే అన్నా." కొందరు చాయ్ కూడా పోశారు. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "నీకే రా. నీకు గాక ఎవనికేస్త?" అన్నాడు. భాయ్ ఎవరినీ అడగలేదు. "నిలబెట్టినారు, నిలబడినా. వేస్తే వేయండప్పా, లేకుంటే లేదు" అన్నాడు.

శుక్రవారం సెలవు. పొద్దున్నే రెండు పాలపొడి డబ్బాలు తెచ్చి దుప్పటి పరదా వెనక పెట్టారు. చదువురానివాళ్లున్నారు కాబట్టి గుర్తులు కావాలి. ఏనుగంటే వర్క్‌షాపు వాళ్లు వేయరని నేను బకెట్టు తీసుకున్నాను. భాయ్‌ది పార. బొగ్గుతో డబ్బాల మీద బొమ్మలు గీశాం. మనిషికొక కంకర రాయి ఇచ్చారు. ఒక్కొక్కరే పరదా వెనక్కి పోయి, తమకు నచ్చిన డబ్బాలో వేసి రావాలి. ముదీరే స్వయంగా వచ్చి అందరి ముందూ డబ్బాలు బల్ల మీద బోర్లించాడు. పార డబ్బాలోంచి రాళ్లు గలగల పడ్డాయి. బకెట్టు డబ్బాలోంచి ఒకటి పడింది. మిగతావి లోపల ఇరుక్కున్నాయేమోనని నేను డబ్బా తీసుకుని అడుగున తట్టాను. ఏమీ రాలేదు. పడిన ఆ ఒక్క రాయీ నాది.

ఏనుగులు, గాడిదలు అన్న గోల మొదలైన తర్వాత ఆ రెండు షెడ్లూ కలిసి ఒక పని చేయడం అదే మొదటిసారి. నేను ఎవరి మొహమూ చూడలేక షెడ్డులోకి వచ్చి పడుకున్నాను. ఓడిపోయినందుకు కాదు నా మంట. ఇరవై రెండు మంది నా కళ్లలోకి చూసి, నవ్వుతూ, చాయ్ పోసి మరీ అబద్ధం చెప్పారు. ఒక్కడికైనా నోరు తడబడలేదు. ఆపైన ఆ వారమంతా ఒక్కొక్కడూ చాటుగా వచ్చి, "నేను నీకే ఏసిన అన్నా, వీళ్లే మోసం జేసిండ్రు" అని ఒట్లు పెట్టుకున్నారు. ఒక్క రాయికి అంతమంది సొంతదారులు. అది నేను వేసుకున్నదని ఎలా చెప్పను?

అలా రానివాడు బావ ఒక్కడే. మరుసటి శుక్రవారం వాడు షెడ్డు వెనక బట్టలు ఉతుకుతుంటే నేనే వెళ్లి అడిగాను. "బావా, నిజం చెప్పు. నాకు ఏసినవా?"

"ఎయ్యలే" అన్నాడు తల ఎత్తకుండానే.

"ఎందుకు?"

"నువ్వు ఇద్దరు దొరలకూ మీకే అన్నవ్. మెస్సుల నువ్వే నవ్వుకుంట చెప్పినవ్, రెండుసార్లు. గా భాయ్ ఇద్దరికీ ఒక్కటే మాట చెప్పిండు, నీళ్లియ్యిమని. రేపు నువ్వు ఆఫీసుల గూసుంటే ముదీర్ ఏది అడిగినా మీకే సార్ అంటవ్. మా నీళ్లు ఎవడడుగుతడు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇక దాచలేకపోయాను. "దుమ్ములకెళ్లి బయటపడాలని నిలబడ్డ బావా. దగ్గుతోని సస్తున్న."

"నాకెర్కే. పైమంచం మీద పండినోణ్ని, నాకినవడదా?" బావ చొక్కా పిండుతూ అన్నాడు. "దగ్గు నీదొక్కనిది. నీళ్లు అందరియి."

"మరి నాకే ఏస్తనని భుజం మీద చెయ్యేసి ఎందుకన్నవ్?"

బావ అప్పుడు నా మొహంలోకి చూశాడు. అందరికీ తెలిసిన సంగతే అడిగానన్నట్టు చూశాడు. "అడగొచ్చినోన్ని మొఖం మీద కాదంటమారా?" అన్నాడు.

అయినా కోపం తగ్గలేదు. ఇన్నేళ్లయినా పూర్తిగా తగ్గలేదు, అబద్ధమెందుకు. ముదీర్‌తో నవ్వులాటకు అన్న మాట వేరు, తోడబుట్టినంత వాడు భుజం మీద చెయ్యేసి అన్న మాట వేరు అని వాదించాలనిపించింది. వాదిస్తే వాడు ఇంకేమంటాడోనని భయం వేసి షెడ్డుకు వచ్చేశాను.

పదిహేను రోజుల్లో మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. ఇస్తానని ముదీర్ చెప్పేదాకా భాయ్ ఆఫీసులో కుర్చీ మీద నుంచి లేవలేదట. ఇంగ్లీషు రాకపోవడమే మేలయిందని, ముదీర్ చెప్పిన సాకులేవీ ఆయనకు అర్థం కాలేదని క్యాంపులో నవ్వుకున్నారు. ట్యాంకరు ముందు రెండు షెడ్ల వాళ్లూ ఒకే వరుసలో నిలబడ్డారు. నేను క్రషర్ నుంచి ఒంటినిండా దుమ్ముతో ఆలస్యంగా వచ్చి, బకెట్టుతో అందరి వెనకా నిలబడ్డాను. అప్పుడే దగ్గు తెర వచ్చింది. ఎంత బిగబట్టినా ఆగలేదు. వరుసలో వాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.

"రా అన్నా, దగ్గుతున్నవ్, నువ్వు ముందు పట్టుకో" అన్నాడు నా ముందువాడు. వాడి ముందువాడూ జరిగాడు. ఒకరి తర్వాత ఒకరు, ఇరవై రెండు మందీ పక్కకు జరిగి దారిచ్చారు. ఎవరి మొహంలోనూ తప్పు చేసిన జాడ లేదు. అందరూ ప్రేమగానే రమ్మన్నారు. నేను అందరినీ దాటుకుంటూ వెళ్లి, బకెట్టు నింపుకుని, అక్కడే నిలబడి దోసిలితో తాగాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి.