రాయి మీది కాగితానికి స్టేషన్ ముద్ర

నిన్న మధ్యాహ్నం జగిత్యాల నుంచి ఫోన్. "అక్కా, రాజేశం సార్ పోయిండు."

నమ్మలేదు.

మొన్ననే కదా ఫోన్ చేసి నన్ను తిట్టారు! వాళ్ల కాలంలో జొన్న గటక ఎట్లా వండేవారో మా అమ్మను ఇంకా అడగలేదని.

మా డిగ్రీ కాలేజీ హిస్టరీ లెక్చరర్ ఆయన. కాకతీయుల కాలంలో మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, మగ్గానికి పన్ను ఎంత... జీవితమంతా ఇదే పిచ్చి.

"రాజుల ముచ్చట రాజులే చెక్కిచ్చుకున్నరు బిడ్డా. మనోళ్ల ముచ్చట ఎవలు చెప్పాలె?" అనేవారు. సిరిసిల్ల నేత ఇంటి పిల్లను. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

నక్సలైట్ల రోజులు. కోరుట్ల దగ్గర పొలం గట్టున శాసనం ఉందంటే సార్ వెంట స్టూడెంట్స్ కొందరం వెళ్లాం. సార్ రాయికి తడి కాగితం అతికించి, బ్రష్‌తో కొట్టి, నల్ల ఇంకు అద్దారు. అక్షరాలు తెల్లగా తేలాయి. ఆరాలని పక్కన కూర్చున్నాం.

అంతలో పోలీస్ జీప్.

ఊరి బయట రాయి మీద అప్పుడే అంటించిన కాగితం. ఇంకేముంది, అన్నల పోస్టర్ అనుకున్నారు! కాగితంతో సహా అందరినీ స్టేషన్‌కు తీసుకుపోయారు.

మేమంతా గోడకు ఆనుకుని నిలబడ్డాం. సార్ మాత్రం, "జర మడత పెట్టకుండ్రి సార్, ఇంకా ఆరలే" అని బతిమాలుతూనే ఉన్నారు.

ఎస్సై చదవమన్నాడు. సార్ వేలు పెట్టి చదివారు, ఈ ఊళ్లో మగ్గాల మీద పన్ను తీసేశారని.

"అంటే సర్కారుకు వ్యతిరేకమా?"

"కాద్సార్. మాఫీ జేసిందే సర్కారు."

ఎస్సైకి కూడా నవ్వు ఆగలేదు.

సాయంత్రం మమ్మల్ని వదిలేశారు. కాగితాన్ని వదల్లేదు. దానికోసం సార్ ఎంత తిరిగారో! చివరికి ఇచ్చారు, మూలన ఊదారంగు స్టేషన్ ముద్రతో. ఈలోపు ఆ రాయిని ఎవరో పగలగొట్టి కల్వర్టుకు వాడేశారు. ఇక మిగిలింది ఆ కాగితమే.

సార్ పుస్తకం అచ్చుకు వెళ్లేటప్పుడు, ఫొటోలో ముద్ర కట్ చేద్దామన్నాను.

"అద్దు బిడ్డా. గిది గూడ జనం ముచ్చటనే. మనం ఎట్ల బతికినమో రేపటోళ్లకు తెల్వద్దా?"

నిన్న వాళ్లింట్లో సార్‌ను పడుకోబెట్టిన చోట, పైన గోడకు అదే కాగితం. ముద్ర ఇంకా చెరగలేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

పోయి రండి సార్. ఈసారి దారిలో ఏ జీపూ ఆపదు.

గటక సంగతి రేపే సిరిసిల్ల పోయి అమ్మను అడుగుతాను. మీరు నిమ్మళంగా ఉండండి.